12 టెన్సులు బట్టీ పట్టినా నోటికి "డిడ్ యు కాల్డ్" అనే వస్తోంది. ఎట్లా సరిచేసుకోవాలి?

ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హనుమకొండలో ఉండి ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అవుతున్నానన్నారు. రెగ్యులర్ వర్బ్స్ (ఈడీ చేర్చితే పాస్ట్ అయ్యేవి) పట్టిక మొత్తం వచ్చినా మాట్లాడేటప్పుడు ఏ రూపం వాడాలో తేలడం లేదన్నారు. పట్టిక తప్పేం కాదు గానీ, ఏ మాట పక్కన ఏ రూపం వస్తుందో, ఎందుకు వస్తుందో అది చెప్పదు.

రెగ్యులర్ వర్బ్‌కు ఉన్నవి నాలుగు రూపాలే: కాల్, కాల్స్, కాల్డ్, కాలింగ్. వీ2 (పాస్ట్), వీ3 (పాస్ట్ పార్టిసిపుల్) అని రెండు గడుల్లో రాసుకునేది ఒకే మాట. పన్నెండు టెన్సులూ ఈ నాలుగింటితోనే నడుస్తాయి. మారేదల్లా ముందు వచ్చే హెల్పింగ్ వర్బ్. డు, డజ్, డిడ్, విల్, కెన్, షుడ్ వస్తే తర్వాత ఒట్టి కాల్. హావ్, హాజ్, హాడ్ వస్తే కాల్డ్. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ వస్తే కాలింగ్ (పాసివ్ వాయిస్‌లో మాత్రం కాల్డ్).

అందరూ భయపడే "ఐ విల్ హావ్ బీన్ కాలింగ్" తీసుకోండి. విల్ ఉంది కాబట్టి తర్వాత ఒట్టి హావ్. హావ్ ఉంది కాబట్టి బీ అనే మాటకు వీ3 అయిన బీన్. బీన్ ఉంది కాబట్టి కాలింగ్. ప్రతి మాటా తన పక్కదాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. ఇది పట్టుబడితే పట్టిక అవసరం సగం తగ్గుతుంది.

హెల్పింగ్ వర్బ్ ఏదీ లేనప్పుడే ఎస్ గానీ, గడిచిన కాలాన్ని చెప్పే ఈడీ (వీ2) గానీ వర్బ్ మీదికి వస్తుంది. "షి కాల్స్" ప్రశ్న అయితే "డజ్ షి కాల్?" ఎస్ పోయి డజ్‌లో చేరింది. "షి కాల్డ్" ప్రశ్న అయితే "డిడ్ షి కాల్?" గడిచిపోయిన సంగతి డిడ్ చెప్పేసింది, మళ్లీ కాల్డ్ అంటే రెండుసార్లు చెప్పినట్టు. "డిడ్ నాట్ కాల్డ్" కూడా ఇదే తప్పు, ప్రశ్నలో సరిచేసుకున్నవాళ్లు కూడా ఇక్కడ జారుతుంటారు.

ఇక హి, షి, ఇట్‌తో ఎస్ మర్చిపోవడం. మన దగ్గర వస్తా, వస్తవు, వస్తడు, వస్తది, వస్తరు అని ప్రతిదానికీ వేరే ముగింపు ఉంటుంది. ఇంగ్లీషు ఒక్క ఏకవచన థర్డ్ పర్సన్‌కే మార్చుతుంది, అందుకే చెవికి ఆనదు. సబ్జెక్టు పొడుగైతే మరీ కష్టం. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ ఇన్ కాజీపేట" అనాలి. పక్కనే ఫ్రెండ్స్ అని బహువచనం కనిపించేసరికి నోరు "వర్క్" అంటుంది. లెక్క వన్‌ది, ఫ్రెండ్స్‌ది కాదు.

ఇంటర్వ్యూలో ఎక్కువగా బయటపడేది ఈడీ ఉచ్చారణ. రాతలో ఒకటే అయినా పలకడంలో మూడు. స్పెల్లింగ్ చూడొద్దు, వర్బ్ చివర వినిపించే శబ్దం చూడండి. క్, ప్, స్, ష్, చ్, ఫ్ అయితే ట్: వాక్ట్, హెల్ప్ట్, మిస్ట్, వాష్ట్, వాచ్ట్, లాఫ్ట్. ట్ లేదా డ్ అయితేనే అదనంగా ఒక అక్షరం: వెయిటిడ్, నీడిడ్, విజిటిడ్. అచ్చులతో సహా మిగతావన్నీ డ్: కాల్డ్, క్లీన్డ్, ప్లేడ్. అనుమానమొస్తే గొంతు మీద వేలు పెట్టి చివరి శబ్దం పలకండి, అదిరితే డ్, అదరకపోతే ట్. వాకెడ్, హెల్పెడ్, ఆస్కెడ్ అనేవి స్పెల్లింగ్ చూసి చదివే అలవాటు వల్ల వచ్చేవి.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "హెల్ప్ట్" దగ్గర నోరు ఆగుతుంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే దానికి అతికించండి: "హెల్ప్ట్ అజ్"ను "హెల్ప్టజ్" అన్నట్టు. ఇట్లా అయితే సులువుగా వస్తుంది.

స్పెల్లింగ్ సంగతి క్లుప్తంగా. చివర ఒకే అచ్చు, ఒకే హల్లు ఉండి, ఒత్తి పలికేది ఆ చివరి భాగమే అయితే ఈడీ గానీ ఐఎన్‌జీ గానీ చేర్చేటప్పుడు హల్లు రెండుసార్లు రాయాలి: స్టాప్, ప్లాన్, ప్రిఫర్. విజిట్‌లో ఒత్తు మొదట్లో పడుతుంది కాబట్టి ఒకే టీ. డబ్ల్యూ, ఎక్స్, వై ఎప్పుడూ రెట్టించవు. ట్రావెల్‌కు బ్రిటిష్ వాళ్లు రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికన్లు ఒకటి. స్టడీలో వై ముందు హల్లు ఉంది కాబట్టి వై పోయి ఐఈడీ వస్తుంది, ప్లేలో అచ్చు ఉంది కాబట్టి వై అట్లాగే ఉంటుంది. ఐఎన్‌జీ చేర్చేటప్పుడు మాత్రం రెండింట్లోనూ వై కదలదు.

రూపాలు వచ్చాక కూడా టెన్స్ తప్పుతుంటే, తెలుగులో ఆలోచించి మార్చుకుంటున్నట్టు లెక్క. "ఫోన్ చేస్తా" ఒక్కటే. రోజూ చేస్తే "ఐ కాల్", రేపు చేస్తానంటే "ఐ విల్ కాల్". "రెండేండ్ల నుంచి పని చేస్తున్న" అన్నదాన్ని "ఐ యామ్ వర్కింగ్ ఫ్రమ్ టు ఇయర్స్" అంటారు చాలామంది. అక్కడ కావలసింది "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టు ఇయర్స్". ఏ సంవత్సరం నుంచో చెబితే "సిన్స్ 2022". "2024ల మేడారం పోయినం" అంటే "వి విజిటిడ్ మేడారం ఇన్ 2024", అయిపోయిన కాలం చెప్పారు కాబట్టి హావ్ రాదు. ఎప్పుడని చెప్పకుండా రామప్ప చూసిన్నంటే "ఐ హావ్ విజిటిడ్ రామప్ప".

సాధనకు ట్, డ్, ఇడ్ గుంపుల నుంచి మూడేసి వర్బ్స్ తీసుకోండి. ఒక్కోదానికి మూడు వాక్యాలు గట్టిగా పలకండి: "ఐ వెయిటిడ్. డిడ్ యు వెయిట్? ఐ డిడ్ నాట్ వెయిట్." ఫోన్‌లో రికార్డ్ చేసుకొని వింటే మింగేసిన ట్‌లు మీకే దొరుకుతాయి. గో, కమ్, ఈట్ లాంటి ఇర్రెగ్యులర్ వర్బ్స్‌ను వీటితో కలిపి మొదలుపెట్టొద్దు. సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్, విల్, హావ్‌తో వచ్చే రెండు రూపాలు (హావ్ కాల్డ్, హావ్ బీన్ కాలింగ్), ఇప్పుడు జరుగుతున్నదానికి యామ్ కాలింగ్ వరకు గట్టిపడితే ఇంటర్వ్యూ దాదాపు గడిచిపోతుంది. విల్ హావ్ బీన్ జోలికి తర్వాత ఎప్పుడైనా వెళ్లొచ్చు.