వెళ్లేటప్పుడు 10 గంటలు, వచ్చేటప్పుడు 12 ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి జనవరిలో టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లి వస్తోంది. దూరం 8,800 కిలోమీటర్లు, ప్రయాణం 11 గంటలు అని ఇంటర్నెట్‌లో చూశాను. టికెట్లలో మాత్రం వెళ్లడానికి 10 గంటలు, రావడానికి 12 అని ఉంది. భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటికి వచ్చేటప్పుడే త్వరగా చేరాలి కదా? పైగా శనివారం సాయంత్రం 5కు బయలుదేరి అదే శనివారం ఉదయం 10కి దిగుతుందట! అచ్చుతప్పా?
— ఒక పాఠకురాలు

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా. విమానాలకు దారి, ఇంధనం లెక్కలు కట్టే ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

భూమితో పాటు గాలీ తిరుగుతుంది, రన్‌వే మీది విమానమూ తిరుగుతుంది. కాబట్టి ఆ తిరుగుడు ఎవరికీ నేరుగా కలిసిరాదు. తేడా అంతా జెట్ స్ట్రీమ్‌ది. విమానాలు ఎగిరే 9–12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు పారే గాలి అది. చలికాలంలో జపాన్ మీద దాని ఉధృతి చూడాలి! జపాన్ వాతావరణ శాస్త్రవేత్త ఒయిషి వసబురో బెలూన్లు ఎగరేసి దాన్ని ముందే కనిపెట్టారు. పాపం, 1926లో ఆ నివేదికను ఎస్పరాంటోలో, అంటే దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో, ప్రచురించారు. ప్రపంచమంతా చదవాలని ఆయన ఆశ, చదివినవారు ఎందరని!

లెక్క చూడండి. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుందాం. గాలే లేకపోతే 9 గంటల 47 నిమిషాలు. వెనుక నుంచి 100 కిలోమీటర్ల గాలి తోస్తే 8 గంటల 48 నిమిషాలు, అంటే 59 నిమిషాల ఆదా. అదే గాలి ఎదురైతే 11 గంటలు పడుతుంది, నష్టం 73 నిమిషాలు. ఇచ్చినదానికంటే ఎక్కువే లాక్కుంటుంది! ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కదా మరి. విమానం రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపితే మీ టికెట్లలోని అంకెలే వస్తాయి. ఇంటర్నెట్ చూపిన 11 గంటల్లో గాలి ఊసే లేదు. అలాంటి అంకెను నేనైతే నమ్మను.

దూరం మాత్రం నిజమే. రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నా, ఆ గీత వెంట పోతే 9,300 కిలోమీటర్లు అవుతుంది. ఉత్తరానికి వంగే దారి భూగోళం మీద దగ్గరి దారి. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలిని తప్పించుకోవడానికి ఒక్కోసారి ఇంకా ఉత్తరానికి జరుపుతాం.

ఇక తేదీ. టోక్యోలో శనివారం సాయంత్రం 5 అంటే లాస్ ఏంజెలెస్‌లో అప్పుడే శనివారం మొదలవుతోంది. చలికాలంలో 17 గంటల వెనుక ఉంటుంది. 10 గంటలు కలపండి, ఉదయం 10. వచ్చేటప్పుడు ఈ అప్పు తీర్చాలి: శనివారం ఉదయం 11కు ఎక్కితే ఆదివారం సాయంత్రం 4కు దిగుతుంది.

తిరుగు ప్రయాణంలో టోక్యోలో మరో విమానం మారాలంటే, మధ్యలో మూడు గంటలైనా ఉంచుకోమనండి. జనవరి ఎదురుగాలి 12 గంటలనూ దాటించగలదు.