పేరు మారిందని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నేతల పేర్లు పెట్టిన కట్టడాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. శైలి బాగుంది, ఆవేశమూ తగుమాత్రంగానే ఉంది; కానీ ‘మొతేరా స్టేడియానికి పటేల్ పేరు తీసేసి మోదీ పేరు పెట్టారు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అది అబద్ధమని అనను, అలాగని ఉన్నదున్నట్టు అచ్చువేయదగినదీ కాదు. అహ్మదాబాద్‌లోని ఈ క్రికెట్ స్టేడియాన్ని 2021 ఫిబ్రవరి 24న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన సందర్భంలో, అంతవరకూ సర్దార్ పటేల్ స్టేడియంగా ఉన్నదానికి నరేంద్ర మోదీ పేరు వచ్చింది. దాని చుట్టూ రాబోయే క్రీడా సముదాయానికి పటేల్ పేరు పెట్టి అదే రోజు భూమిపూజ చేశారు. పటేల్ పేరు ఆనవాలు లేకుండా పోయిందని రాసినవారూ, పటేల్ పేరు చెక్కుచెదరలేదని వాదించినవారూ తమకు అనుకూలమైన సగమే చెప్పారు. పైగా అహ్మదాబాద్‌లోనే నవరంగ్‌పురాలో పటేల్ పేరిటే మరో పాత స్టేడియం ఉంది. మన గడ్డ మీద తొలి అంతర్జాతీయ వన్డే 1981 నవంబరులో జరిగింది అక్కడే. మొతేరాలో తొలి టెస్టు 1983లో. పేరొక్కటే చూసి ఆ వన్డేను మొతేరా ఖాతాలో వేస్తే, ఇంకా కట్టని స్టేడియంలో మ్యాచ్ ఆడించినట్టే అవుతుంది.

మనకు దగ్గరి ఉదాహరణ శంషాబాద్. 2014 నవంబరులో, రాజీవ్ గాంధీ పేరున్న అక్కడి విమానాశ్రయంలో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెట్టాలని కేంద్ర పౌర విమానయాన శాఖ నిర్ణయించగా, దాన్ని వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. దీనికి ‘శంషాబాద్ విమానాశ్రయానికి ఎన్టీఆర్ పేరు’ అని శీర్షిక పెడితే రాజీవ్ గాంధీ పేరు తీసేశారనే పాఠకుడు అనుకుంటాడు. నిజానికి ఆ నిర్ణయం విమానాశ్రయం పేరు జోలికి పోలేదు. ఈ గొడవ మూలం హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేటలో ఉంది. అక్కడ దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు, అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ గాంధీ పేరు ఉండేవి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేసరికి రెండు రకాల ప్రయాణికులకూ ఒకే భవనమైంది, అంటే పేరు పెట్టదలచిన ‘దేశీయ టెర్మినల్’ విడి కట్టడమే కాదు. ఈ ఒక్క సంగతి చెప్పకుండా అటు నాయకుడి మాటొక పేరా, ఇటు నాయకుడి మాటొక పేరా వేసి నిష్పక్షపాతంగా రాశామనుకుంటాం గానీ, తగాదా దేని మీదో పాఠకుడికి తెలియనే తెలియదు.

ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా క్రికెట్ స్టేడియం విషయంలోనూ అంతే. 2019లో అరుణ్ జైట్లీ పేరు వచ్చింది స్టేడియానికే, లోపలి మైదానం ఫిరోజ్ షా కోట్లాగానే ఉంటుందని అక్కడి క్రికెట్ సంఘమే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. కాబట్టి పేరు దేనికి పెట్టారో, భవనానికా, అందులో ఒక భాగానికా, ఆవరణకా, సంస్థకా అన్నది ముందు తేల్చుకో.

తరవాత చూడవలసింది ఆ పేరు ఏ కాగితం మీద ఉందన్నది. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని ‘ఎన్టీఆర్ తన పేరుతో స్థాపించినది’ అనేస్తే చరిత్ర తారుమారవుతుంది. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో అది ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగానే పుట్టింది. ఎన్టీఆర్ పేరు పెట్టింది ఆయన పోయాక, 1998లో. ఆ పేరు చట్టంలో ఉన్నందువల్లనే 2022లో వైఎస్సార్ పేరు పెట్టడానికీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు తేవడానికీ శాసనసభలో సవరణ బిల్లు కావలసి వచ్చింది. బిల్లు సభ దాటిన సాయంత్రమే ‘పేరు మారింది’ అని స్క్రోలింగ్ వేయడం తొందరపాటు. గవర్నరు ఆమోదించి, గెజిట్‌లో వచ్చేదాకా పాత పేరే చెల్లుతుంది. విమానాశ్రయాల విషయంలో రాష్ట్ర శాసనసభ తీర్మానం కోరిక మాత్రమే, ఆమోదించవలసింది కేంద్రం. నాయకులు వేదిక మీద ఈ తేడాలు పాటించరు, వారికి ఆ అవసరమూ లేదు. వారి మాట రాసేటప్పుడు అది వారి మాటేనని తెలిసేలా రాయి.

పాత సంఘటన రాసేటప్పుడు అప్పటి పేరే వాడి, ఇప్పటి పేరు ఒక్కసారి పక్కన చెప్పు. నీ మొతేరా వాక్యాన్ని రెండుగా విడగొట్టి స్టేడియం సంగతి ఒకదానిలో, క్రీడా సముదాయం సంగతి మరొకదానిలో రాయి. విశ్వవిద్యాలయం పేరాలో నువ్వు వదిలేసిన 1998ని చేర్చి వ్యాసం మళ్ళీ పంపు. శీర్షిక మాత్రం చివర్లో పెట్టు.