పిల్లోన్ని రగ్బీలో వేయాల్నా ఫుట్‌బాల్‌లోనా

అన్నా, మీ పిల్లోడికి 13 ఏళ్లు, మనిషి దిట్టంగా ఉండాడు, కబడ్డీ బాగా ఆడతాడు, రగ్బీలో వేద్దామంటే టీవీలో చూస్తే ఏమీ అర్థం కాలేదు అన్నారు కదా. ముందు ఆడేది చూద్దాం. మన అనంతపురంలో ఆర్‌డీటీ అనే సేవా సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో ఫుట్‌బాల్ నేర్పిస్తారు, కాబట్టి ఇప్పుడు అందులోనే వేయండి, కాళ్లకు పని, దమ్ము రెండూ వస్తాయి, అవి రగ్బీకి పోయినా పనికొస్తాయి. రగ్బీ మాత్రం ట్యాక్లింగ్, అంటే బాల్ ఉన్నోన్ని పట్టి కింద పడేసేది, తెలిసిన కోచ్ లేకుండా అస్సలు వద్దు, తల యాడ పెట్టాలో తెలీకపోతే మెడకు దెబ్బ తగుల్తాది, ఇది మాత్రం గట్టిగా చెప్తాండా.

ఇంక చూసేకి వస్తే, రగ్బీలో బాల్ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇయ్యాల, ముందుకు పోవాలంటే పరిగెత్తాల లేదా తన్నాల. బాల్ ఉన్నోన్ని పట్టుకుని కింద పడేస్తే వాడు బాల్ వదిలేయాల, దానికోసమే ఆ తోపులాటంతా, కబడ్డీలో రైడర్‌ని పట్టినట్టే అనుకోండి. అవతలోళ్ల గోల్ లైన్ దాటి బాల్ నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు, తర్వాత కిక్ పడితే ఇంకో 2. ఈ మాత్రం తెలిస్తే చాలు.

15 మందితో 80 నిమిషాల ఆట ముందే చూడొద్దండి, సెవెన్స్ చూడండి, టీముకు 7 మందే, సగానికి 7 నిమిషాలు, ఖాళీ గ్రౌండ్‌లో ఉరుకుడే ఉరుకుడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఫిజీ మగోళ్ల మ్యాచ్‌లు పిల్లోడికి చూపించండి, ఆ చిన్న దేశం గోల్డ్ కొట్టింది. ఒక్క గోల్ కోసం 90 నిమిషాలు ఊపిరి బిగబట్టుకోని చూసే సుఖం ఫుట్‌బాల్‌దే అనుకోండి, నాకైతే చూసేకి అదే ఎక్కువ ఇష్టం.