ముందు చెరువు గురించి మాట్లాడు

హనుమకొండ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. పొద్దున్నే చెరువు కట్ట మీద నడిచిన సంగతి రాసిన పేరా బాగుంది. మిగతాది చదివి కోపం వచ్చింది. అది దాచుకుని ఈ ఉత్తరం రాయలేను.

వ్యాసం పేరు ‘మన చెరువులు’. ఐదు పేజీల్లో చెరువు ఉన్నది రెండు పేజీల్లోనే. మిగతా మూడింటిలో, పాత చెరువుల మీద ఇష్టంతో మీరంతా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో జనం తెలుగును ఎట్లా పాడు చేస్తున్నారో రాశావు. ‘ళ’ రాయాల్సిన చోట ‘ల’ ఎవరు రాశారు, ఒత్తులు ఎవరికి రావు, విషయం వదిలి ఎవరు ఎటు పోతారు. వాళ్ల మెసేజీలను ఎత్తి రాసి, ఎర్ర రంగుతో దిద్ది మరీ పెట్టావు.

అందులో నర్సంపేట దిక్కు పెద్దమనిషి ఒకాయన రాసింది ఉంది. వాళ్ల నాయన ఊరి చెరువుకు నీరటికాడు, పొలాలకు నీళ్లు వదిలేవాడు. చిన్నప్పుడు చెరువు నిండి మత్తడి దుంకిన ఒక రాత్రి లాంతరు పట్టుకుని నాయన వెంట కట్ట మీదికి పోయిన ముచ్చట ఆయన మొదలుపెట్టాడు. నీళ్లు బయటికి వదిలే తూము దగ్గరికి వచ్చేసరికి అక్క పెళ్లి సంగతిలోకి పోయాడు. నువ్వు నాలుగు అక్షర దోషాలు చూపించి, కింద ‘దయచేసి టాపిక్‌కు రండి’ అని రాశావు. ఆయన దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆయన నుంచి ఒక్క మాట లేదని నువ్వే రాశావు, దాంతో గ్రూపు బాగుపడిందన్నట్టు.

ఆ మెసేజీ నేను మళ్లీ మళ్లీ చదివాను. ఆ రాత్రి తూము ఎవరు ఎత్తారు? కట్ట తెగకుండా ఏం చేశారు? నీళ్లు ఎవరి పొలాల మీద పడ్డాయి? నీరటికాడి కొడుకు తప్ప ఇవి ఇంకెవరు చెప్తారు? పెళ్లి ముచ్చట పక్కదారి అనుకున్నావు. ఊళ్లలో పెద్దవాళ్లు చాలామంది సంవత్సరాన్ని అంకెతో గుర్తు పెట్టుకోరు. ఫలానా పెళ్లయిన ఏడు, కరువు పడ్డ ఏడు అని చెప్తారు. ఇంకో రెండు వాక్యాలు ఓపిక పడితే ఆ వరద ఏ ఏటిదో నీకు దొరికేది.

నలుగురు ఒక ఇష్టం కోసం కూడిన చోట ఎవరైనా ఒక సంగతి చెప్తే, ముందు ఆ సంగతికే జవాబు ఇవ్వాలి. నా పట్టు ఇదే, దీన్ని వదలను. చెరువు గురించి చెప్పిన మనిషికి ఒత్తు గురించి జవాబు ఇస్తే, విషయం తప్పింది జవాబు ఇచ్చినవాడే. ఆ రోజు టాపిక్ వదిలింది నువ్వు, ఆయన కాదు. పొద్దుగూకే దాకా అందరూ ‘ళ’ మీద కొట్లాడారని నీ వ్యాసంలోనే ఉంది. చెరువు ఊసు ఎవరూ ఎత్తలేదు.

దిద్దాల్సినవి ఉంటాయి. రామప్ప గుడిని ప్రతాపరుద్రుడు కట్టించాడని రాశావు. అక్కడి శాసనం 1213 నాటిది. కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. ప్రతాపరుద్రుడు గద్దెనెక్కింది 1289లో. మీ గ్రూపులో ఒక్కరూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే నీ వాక్యాల్లో ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇట్లాంటి తప్పును అందరి ముందే దిద్దాలి, ఆధారం చూపించి దిద్దాలి. లేకపోతే నలుగురు నమ్మి ఇంకో నలభై మందికి పంపుతారు. అక్షరం తప్పినా చదివితే అర్థమైతే వదిలెయ్యి. అర్థమే మారిపోతే ‘మీరు అన్నది ఇదేనా’ అని ఆయన ఒక్కడినే అడుగు. ఆ పెద్దమనిషి నోటితో చెప్తే ఫోన్ టైప్ చేస్తుందని కూడా నువ్వే రాశావు కదా. ఫోన్ చేసిన తప్పుకు ఆయన్ని నలుగురిలో నిలబెట్టావు.

పొద్దున్నే పూల బొమ్మలు, పార్టీల వీడియోలు, జాతకాలు వస్తే అడ్మిన్ గట్టిగానే ఆపాలి. అందులో నాకు వేరే మాట లేదు.

ఇది నాకెందుకింత మంట అంటే, కొత్తగా రాస్తున్నప్పుడు నేనొక కథ ఒక వారపత్రికకు పంపాను. అందులో అమ్మ పాత్ర మా అమ్మ లాగే మాట్లాడుతుంది. సంపాదకుడు ఆ మాటలన్నీ తన పద్ధతిలోకి మార్చి అచ్చు వేశాడు. మా అమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. అంతా విని ‘ఈమె ఎవరు బిడ్డా?’ అని అడిగింది. పత్రికకు ఉత్తరం రాస్తే, పాఠకులకు అర్థం కావాలి కదా అని జవాబు వచ్చింది. ములుగులో, పరకాలలో ఉన్నవాళ్లు పాఠకులు కారా? ఆ తర్వాత చాలా కాలం సంభాషణలే లేని కథలు రాశాను. ఇప్పుడు గాలి మారింది. అట్లాంటి సంపాదకులే ఇప్పుడు ‘యాస ఇంకొంచెం దట్టించండి’ అంటున్నారు. వాక్యానికొక ‘గట్ల’, ‘గిట్ల’ తగిలించమంటారు. అప్పుడూ ఇప్పుడూ మనిషి ఏం చెప్తున్నాడో వినే ఓపిక మాత్రం వాళ్లకు లేదు.

వ్యాసం మొదట్లో కాళోజీ పేరు, గిడుగు రామమూర్తి పేరు పెట్టావు. సెప్టెంబర్ 9న, ఆగస్టు 29న వాళ్ల పుట్టినరోజులను భాషా దినోత్సవాలుగా జరుపుకుంటున్నామంటే, జనం నోట్లో ఉన్న మాటకు రాతలో చోటు కావాలని వాళ్లు కొట్లాడినందుకే. కాళోజీ తిరిగిన ఊళ్లోనే ఉండి, ఆయన పేరు కిందే ఒక నీరటికాడి కొడుకు నోరు మూయించడం నాకు చాలా బాధ కలిగించింది.

పుస్తకం ఎవరు వేస్తారని, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి ఇప్పుడు కాదు. ముందు ఆ పెద్దమనిషికి ఫోన్ చెయ్యి. మెసేజీ పెట్టకు, మాట్లాడు. వీలైతే నర్సంపేట బస్సెక్కి వెళ్లు, ఎట్లాగూ పాఖాల చెరువు కూడా చూడొచ్చు. తూము సంగతి అడుగు, అక్క పెళ్లి సంగతి కూడా పూర్తిగా విను. ఆ మూడు పేజీలు తీసేసి, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే అక్కడ పెట్టి, రామప్ప సంగతి సరిచేసి నాకు పంపు. ఒప్పుకుంటే ఆయన పేరు కూడా వెయ్యి.

ఆశీస్సులతో,
అక్క