నడుస్తున్నాడుగా, పింఛను ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మనిషిని చూస్తే ఏ లోపమూ కనిపించదు, చేతిలో మాత్రం దివ్యాంగుల సర్టిఫికెట్ ఉంటుంది. నమ్మాలా వద్దా అని కొందరు, నమ్మించలేక అలసిపోయి మరికొందరు రాశారు.

ప్రశ్న: మా పక్క వాటాలో ఉండే నలభై ఏళ్ల మనిషి నెలకు రూ.6,000 దివ్యాంగ పింఛను తీసుకుంటున్నాడు. కాళ్లూ చేతులూ చక్కగా ఉన్నాయి. స్కూటర్ మీద బీసెంట్ రోడ్డుకు వెళ్లొస్తాడు, పిలిస్తే పలుకుతాడు. ఇలాంటివాళ్ల వల్లే కదా అసలైనవాళ్లకు అందకుండా పోతోంది? ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– సత్యనారాయణపురం, విజయవాడ

ఫిర్యాదు చేసే దారి చివర చెప్తాం. ముందు మీరు వాడిన కొలత గురించి. కాళ్లూ చేతులూ బాగున్నాయా లేదా అన్నది చట్టం చూసే ఒకే ఒక్క విషయం ఎప్పుడూ కాదు. 1995 నాటి దివ్యాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండేవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. మానసిక అనారోగ్యం, వినికిడి లోపం, ఆటిజం, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో చాలావాటిని వీధిలో నిలబడి చూసి పోల్చుకోలేం.

పిలిస్తే పలుకుతాడన్నారు కాబట్టి వినికిడి సంగతే తీసుకుందాం. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే చట్టం దాన్ని వినికిడి లోపం అంటుంది. 70 వస్తే చెవుడు కిందే లెక్క. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. అలాంటి మనిషి వినికిడి మిషన్ పెట్టుకుని, మీ పెదవుల కదలిక చూస్తూ, నిశ్శబ్దంగా ఉన్న వాకిట్లో మీతో బాగానే మాట్లాడతాడు. అదే మనిషికి రద్దీ రోడ్డు మీద మిషన్ అన్ని చప్పుళ్లనూ కలిపి పెద్దవి చేసి వినిపిస్తుంది. మాట మాత్రం విడివడదు. మీరు చూసింది వాకిలి ఒక్కటే.

చూపు విషయంలో పొరపాటు ఇంకా తేలిక. తెల్లకర్ర పట్టుకున్న మనిషి బెంజి సర్కిల్ దగ్గర ఫోన్ చదువుతుంటే అందరికీ అనుమానమే. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బులో ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు పోతూ వస్తుంది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కొంచెం మిగులుతుంది. ఆ కొంచెంతో అక్షరాలు చదవొచ్చు. పక్కనున్న స్తంభం, కాలి ముందున్న గుంట కనిపించవు. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల కంటే తగ్గితే అల్పదృష్టి, 10 కంటే తగ్గితే అంధత్వం అని చట్టంలోనే రాసి ఉంది.

దొంగ సర్టిఫికెట్లు లేవని మేం అనడం లేదు. 2025లో రాష్ట్రమంతటా పింఛనుదారులను మళ్లీ పరీక్షలకు పిలిచింది అందుకే. కానీ మోసాన్ని పట్టుకునేది పరీక్ష గదిలోనే. వినికిడి విషయంలో మనిషి ఇచ్చే జవాబుతో పని లేకుండా, తలకు తీగలు అంటించి, శబ్దానికి మెదడు కాండం స్పందించిందో లేదో నమోదు చేసే బెరా పరీక్ష ఉంది. ‘నాకు వినపడలేదు’ అని నటించేవాళ్ల ఆట దాని ముందు సాగదు.

మీ అనుమానానికి గట్టి ఆధారం ఉంటే, అంటే డబ్బు చేతులు మారిందనో, వేరొకరిని పరీక్షకు పంపారనో మీకు నిజంగా తెలిస్తే, జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ రాతపూర్వకంగా ఇవ్వండి. మీకు తెలిసింది మాత్రమే రాసి, పునఃపరీక్ష కోరండి. మోసం రుజువైతే 2016 చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం, మెట్ల దగ్గర నిలదీయడం మాత్రం వద్దు. దివ్యాంగుణ్ణి నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉంది. పొద్దున మామూలుగా నడుస్తాను, మధ్యాహ్నానికి కాళ్లు ఈడ్చుకోవాల్సి వస్తుంది. గుంటూరు–విజయవాడ బస్సులో దివ్యాంగుల సీట్లో కూర్చుంటే లేవమంటున్నారు. కార్డు చూపిస్తే ‘కొనుక్కుని ఉంటుంది’ అని ఒకాయన అన్నాడు.
– బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, పొద్దున నడవగలిగి మధ్యాహ్నం నడవలేకపోవడం ఈ జబ్బు స్వభావమే. నరాల మీద కరెంటు తీగ తొడుగులాంటి పొర ఉంటుంది. మీ జబ్బు ఆ పొరను అక్కడక్కడా తినేస్తుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా, పొర ఊడిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అందుకే మే నెల ఎండలో బస్టాండులో పావుగంట నిలబడితే కాళ్లు పట్టు తప్పుతాయి, చూపు మసకబారుతుంది. ఒళ్లు చల్లబడితే తగ్గుతుంది. చల్లబడ్డాక కూడా ఒక రోజు దాటి అలాగే ఉంటే అది ఎండ పని కాకపోవచ్చు, న్యూరాలజిస్టుకు చూపించండి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఇలాగే చేస్తాయి.

ప్రయాణం ఉదయం ఎనిమిది లోపు పెట్టుకోండి. చల్లటి నీళ్ల ఫ్లాస్కు, తడిపి మెడ చుట్టూ వేసుకునే తువ్వాలు దగ్గరుంచుకోండి. సీటు గురించి తోటి ప్రయాణికులతో వాదించకండి, నేరుగా కండక్టర్‌తో మాట్లాడండి. ‘నాకు నరాల జబ్బు, నిలబడితే పడిపోతాను, కార్డు ఇదిగో’ అంటే చాలు. జబ్బు పుట్టుపూర్వోత్తరాలు బస్సంతటికీ చెప్పాల్సిన పని లేదు. దివ్యాంగులకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డులో పసుపు రంగు అంటే వైకల్యం 40 శాతం నుంచి 80 లోపు, నీలం 80, ఆపైన, తెలుపు 40 లోపు. కార్డు మీది నంబరు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై ఉంటుంది. అనుమానం ఉంటే తనిఖీ చేసుకోవాల్సింది అధికారులు. పక్క సీటు మనిషి కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లుగా స్కిజోఫ్రీనియా. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో 30 శాతమే వేశారు. డాక్టరు గారు అడిగినవాటికి నేనే జవాబు చెప్పాను. ‘మనిషి బాగానే ఉన్నాడు కదమ్మా’ అన్నారు. ఇప్పుడేం చేయాలి?
– కొత్తపేట, గుంటూరు

మీ చేత ఆ గదిలో ఏమేం చెప్పించారో, మీరేం చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండమ్మా. తక్కువ శాతానికి కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

మానసిక అనారోగ్యాన్ని ఐడియాస్ అనే పద్ధతిలో లెక్కకడతారు. నాలుగు అంశాలు: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం–అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని లేదా చదువు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. ఇబ్బంది ఎంత ఎక్కువైతే మార్కులు అంత ఎక్కువ. దీనికి జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కలుపుతారు: రెండేళ్ల లోపు 1, రెండు నుంచి ఐదేళ్లు 2, ఆరు నుంచి పదేళ్లు 3, పదేళ్లు దాటితే 4. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం, పింఛనుకు కావాల్సిన కనీసం అదే. మీవాడికి ఏడేళ్లు కాబట్టి కాలానికే 3 రావాలి. పాత కాగితాలు చూపకపోతే అది 1కో 2కో పడిపోతుంది.

ఇక జవాబులు. ‘స్నానం చేస్తాడా?’ అంటే అమ్మలు ‘చేస్తాడండీ’ అంటారు. నాలుగుసార్లు గుర్తు చేసి, నీళ్లు తోడిపెట్టి, తలుపు దగ్గర నిలబడితే చేస్తాడన్న సంగతి చెప్పరు. బిడ్డను నలుగురిలో తక్కువ చేసి మాట్లాడటం ఏ తల్లికీ మనసొప్పదు. కానీ అక్కడ అడుగుతున్నది, మీరు పక్కన లేకపోతే ఏమవుతుంది అని. కాబట్టి వెళ్లే ముందు పదిహేను రోజులు ఒక నోటుబుక్కులో రాయండి: ఎన్ని గంటలకు లేచాడు, ఎన్నిసార్లు చెబితే పళ్లు తోమాడు, మాత్రలు ఎవరిచ్చారు, ఇంట్లోవాళ్లతో ఎన్ని మాటలు మాట్లాడాడు, కొట్టుకు పంపితే చిల్లర సరిగ్గా తెచ్చాడా. ఉన్నది ఉన్నట్టు రాయండి, ఒక్క ముక్క కూడా పెంచొద్దు.

మొదటి చీటీ నుంచి తేదీల వరసలో మందుల చీటీలు, ఆసుపత్రిలో ఉంచి ఉంటే డిశ్చార్జి కాగితాలు, ఉద్యోగమో చదువో మానేసిన రుజువు ఒక ఫైలులో పెట్టండి. అతనితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లే వెంట వెళ్లాలి, దూరపు చుట్టం కాదు.

ఒక హెచ్చరిక. పరీక్షకు ముందు మాత్రలు ఆపితే శాతం ఎక్కువ వస్తుందని కొందరు సలహా ఇస్తున్నారు. వినకండి. జబ్బు తిరగబెడితే మళ్లీ అదుపులోకి రావడానికి నెలలు పట్టొచ్చు. మందు వాడుతూ కూడా మిగిలిపోయిన ఇబ్బందినే బోర్డుకు చెప్పాలి.

ఇచ్చిన శాతం మీద 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కుంది. గ్రామ/వార్డు సచివాలయంలో గానీ, జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ ఆలస్యం చేయకుండా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. సర్టిఫికెట్ తాత్కాలికమైతే దాని గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ తేదీ దాటిపోయి పింఛను ఆగిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న: పెన్ను పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి. మిగతా పనులన్నీ చేయగలను. పోటీ పరీక్షకు లేఖకుణ్ణి (నా బదులు రాసిపెట్టే మనిషిని) అడిగితే 40 శాతం ఉండాలంటున్నారు.
– పటమట, విజయవాడ

అక్కర్లేదు. మీరు చెప్పింది రైటర్స్ క్రాంప్‌లా ఉంది, ముందు న్యూరాలజిస్టు దగ్గర నిర్ధారించుకోండి. చొక్కా గుండీలు పెట్టుకునే అదే చెయ్యి రాతకు మాత్రం మొరాయిస్తుంది, అందుకే చూసేవాళ్లు నమ్మరు. సరిగ్గా ఇదే సమస్యతో వచ్చిన అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, లేఖకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టకూడదని తేల్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం కూడా ఉంది. 2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి, మీ పరీక్ష నోటిఫికేషన్‌లో ఏముందో చూసుకోండి. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆసుపత్రిలోని అధీకృత వైద్యాధికారుల నుంచి, నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ కావాలి. నమూనా నోటిఫికేషన్ చివరి పేజీల్లో ఉంటుంది, దాన్ని ప్రింటు తీసి వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద వేరే మాటల్లో రాసిచ్చినదాన్ని పరీక్ష కేంద్రంలో తిప్పి పంపుతారు. లేఖకుడి చదువు మీద పరిమితి ఉంటుంది, అదీ నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే మనిషిని మాట్లాడుకోండి.