డేటుకు వారం ముందు చిగుళ్ల నుంచి రక్తమా?

నెలసరి ముందు నడుం నొప్పి, చిరాకు అందరికీ తెలిసినవే. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువగా వచ్చినవి మాత్రం పళ్ల డాక్టరు దగ్గరికో, కడుపు డాక్టరు దగ్గరికో వెళ్లి తిరిగొచ్చిన బాధలు.

ప్రశ్న: డేటు వారం ఉందనగా చిగుళ్లు ఉబ్బి, బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. క్లీనింగ్ చేయించాను. నెల తిరిగేసరికి మళ్లీ అదే గోల. నొప్పికి తట్టుకోలేక ఆ నాలుగు రోజులూ వేలితోనే పేస్టు రుద్దుకుంటున్నా.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ వేలితో రుద్దడమే అసలు చిక్కు. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను వల్ల చిగుళ్లకు రక్తం ఎక్కువగా చేరుతుంది. పంటి మొదట్లో పాచి ఉంటే మామూలు రోజుల్లో కాస్త ఎర్రబడి ఊరుకునే చిగురు ఆ వారంలో బాగా వాచిపోతుంది. బ్రష్ మానేస్తే పాచి పెరుగుతుంది, దాంతో వాపూ పెరుగుతుంది.

'సాఫ్ట్' అని రాసి ఉన్న బ్రష్ కొనండి. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచున ఆనేలా ఏటవాలుగా పట్టుకుని, నొక్కకుండా చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు 2 నిమిషాలు తోమండి. రాత్రిపూట మానొద్దు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి పుక్కిలించండి. ఉప్పుతో, బొగ్గుపొడితో నేరుగా రుద్దితే మాత్రం చిగురు గీరుకుపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలు దాటి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. ఈసారి క్లీనింగ్ డేటు అయిపోయిన వారంలో పెట్టుకోండి, నొప్పి తక్కువగా ఉంటుంది. డేటు వెళ్లి వారమైనా రక్తం ఆగకపోతే హార్మోన్ల మీదకి నెట్టకండి. పయోరియా అనే చిగుళ్ల జబ్బు ఉందేమో చూపించుకుని, షుగరు పరీక్ష కూడా చేయించుకోండి.

ప్రశ్న: డేటుకు నాలుగు రోజుల ముందు మలబద్ధకం, డేటు వచ్చిన రోజు విరేచనాలు. చేపల పులుసు పడలేదంటోంది మా అత్తమ్మ.
– కోవూరు నుంచి

జవాబు: చేపల పులుసు పాపం ఏమీ ఎరగదు. డేటు ముందు పేగుల కదలికను మందగింపజేసేది ప్రొజెస్టెరాన్. డేటు వచ్చాక గర్భాశయం ముడుచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి, పక్కనే ఉన్న పేగులనూ అవే కదిలిస్తాయి. అందుకే మలబద్ధకానికని ముందురోజు విరేచనం అయ్యే మాత్ర వేసుకున్నవాళ్లకి మర్నాడు రెండూ కలిసి దుంపతెంపుతాయి.

డేటుకు వారం ముందు నుంచి రాత్రిపూట ఒకటి రెండు టీస్పూన్ల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి. నీళ్లు తక్కువైతే అది ఉబ్బి గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది. వేరే మాత్రలకు రెండు గంటలు ఎడం ఉంచండి. డేటు రాగానే ఆపేసి మజ్జిగ, ఓఆర్ఎస్ తాగండి. సరిగ్గా ఆ రోజుల్లోనే విరేచనంలో రక్తం పడినా, ముక్కితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా మొలలని సరిపెట్టుకోకండి. గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ కావచ్చు, గైనకాలజిస్టుకు చూపించాలి.

ప్రశ్న: డేటు ముందు ఉంగరం బిగుసుకుపోతుంది, మోకాళ్లు, నడుము లాగేస్తాయి. థైరాయిడ్, ఐరన్, కాల్షియం మాత్రలు మూడూ పొద్దున్నే వేసేసుకుంటున్నా. పది రోజులైనా గుణం కనపడలేదు.
– కనిగిరి నుంచి

జవాబు: మూడూ ఒకే గుక్కలో వేసుకుంటే థైరాయిడ్ మాత్రను, ఐరన్‌ను ఒంటికి పట్టనీయకుండా కాల్షియం అడ్డుపడుతుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున 6కి పరగడుపున. మధ్యాహ్నం అన్నం తిన్నాక 500 మి.గ్రా. కాల్షియం, సాయంత్రం 5కి ఐరన్, టీతో కాకుండా నిమ్మనీళ్లతో. రోజూ గ్లాసు పాలు, రాగి సంగటి ఉంటే ఆ ఒక్క కాల్షియం మాత్ర చాలు. గుణం తెలియడానికి రెండు మూడు నెలసరులు పడుతుంది, పది రోజులకే తేల్చేయకండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా కాల్షియం మొదలెట్టొద్దు. ఇక డేటు బాధలకని బి6 విటమిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే కాళ్లు, చేతులు తిమ్మిరెక్కుతాయి.

ఉంగరం బిగియడానికి కారణం ఒంట్లో నీరు నిలవడం. ఆ వారం ఎండుచేపలు, అప్పడాలు, ఊరగాయ పక్కన పెట్టండి. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములు, అంటే టీస్పూను, దాటకూడదు.

మీ ఊరు చూసి ఇంకో మాట, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. డేటు వచ్చిన రెండు మూడు రోజులకు తగ్గితేనే ఇది నెలసరి నొప్పి. నెల పొడవునా ఉంటే తాగేనీళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ఎముకలకు చేటు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాడండి.

ప్రశ్న: పొగాకు గ్రేడింగుకు వెళ్తాను. ఉబ్బసం ఉంది. డేటు ముందు ఆయాసం ఎక్కువవుతోంది.
– టంగుటూరు నుంచి

జవాబు: కొంతమందికి అంతే. రోజువారీ ఇన్‌హేలర్ ఒక్కరోజూ మానకండి, ఆ వారం మోతాదు పెంచాలో లేదో డాక్టరును అడగండి. పనిలో ముక్కుకు మాస్కు ఉండాల్సిందే. కడుపునొప్పికని మెఫెనమిక్ యాసిడ్, ఇబుప్రొఫెన్ సొంతంగా వేసుకోకండి, ఉబ్బసం ఉన్న కొందరికి వాటితోనే ఆయాసం లేస్తుంది.

ప్రశ్న: డేటుకు వారం ముందు బతకాలనిపించదు. అది రాగానే ఏమీ జరగనట్టు మామూలైపోతాను. ఇంట్లో నటన అంటున్నారు.
– పేరు వద్దు, నెల్లూరు

జవాబు: నటన కాదమ్మా. ఇది పీఎండీడీ, అంటే డేటు ముందు వచ్చే తీవ్రమైన దిగులు జబ్బు కావచ్చు, దానికి మందుంది. గోడ క్యాలెండర్‌లో ప్రతి రాత్రీ ఆ రోజు దిగులుకు 0 నుంచి 3 వరకు అంకె వేయండి, డేటు వచ్చిన రోజు చుట్టూ గీత గీయండి. రెండు నెలల ఆ కాగితాలు పట్టుకెళ్తే సైకియాట్రిస్టుకు సగం పని తేలికవుతుంది. అంకెలు నెలంతా 2, 3 ఉంటే అది మామూలు డిప్రెషన్, డేటు ముందు ముదురుతోందన్నమాట, వైద్యం వేరు. పీఎండీడీకి ఇచ్చే మాత్రలు కొందరికి డేటు ముందు 14 రోజులు వాడితే సరిపోతుంది, అది నిర్ణయించాల్సింది డాక్టరే. చనిపోవాలన్న ఆలోచన వచ్చిన రోజు మాత్రం క్యాలెండర్ నిండేదాకా ఆగొద్దు. పక్కన ఒక మనిషిని ఉంచుకుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.