హీటెడ్ డిస్కషన్‌కు వ్యతిరేకం కోల్డ్ డిస్కషన్ కాదు

వాడివేడి చర్చను హీటెడ్ డిస్కషన్ అంటాం, మరి గొడవ లేకుండా నెమ్మదిగా సాగినదాన్ని ఇంగ్లీషులో ఏమనాలని అడిగారు. సరిగ్గా ఇక్కడే నేనూ ఒకప్పుడు తప్పులో కాలేశాను.

ఆఫీసులో మీటింగ్ మినిట్స్, అంటే మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో, ఏం తేల్చారో రాసే పని నాది. ఒకసారి డెడ్‌లైన్ మార్చడం గురించి రెండు టీములు ప్రశాంతంగా మాట్లాడుకున్నాయి. వేడికి వ్యతిరేకం చల్లదనమే కదా అని 'వి హ్యాడ్ ఎ కోల్డ్ డిస్కషన్' అని రాసి పంపేశాను. గంట తిరక్కుండానే, ఆ రోజు మీటింగ్‌కు రాని మేనేజర్ గారు ఫోన్ చేసి, "ఏమైందండీ, వాళ్లకీ మనకీ ఏమైనా చెడిందా?" అని అడిగారు. మనుషుల విషయంలో కోల్డ్ అంటే ముభావంగా, అంటీముట్టనట్టు ఉండటమని అప్పుడు తెలిసింది. పాపం, ఎంతో మర్యాదగా మాట్లాడిన అవతలి టీమ్‌కు లేని కోపం అంటగట్టానని చాలా బాధపడ్డాను.

మనం 'కూల్‌గా మాట్లాడుకున్నాం' అంటాం, తెలుగులో ఏ ఇబ్బందీ లేదు. అదే ఇంగ్లీషులో 'కూల్ డిస్కషన్' అని రాస్తే భలే బాగుందనైనా అనుకుంటారు, ఎడమొహం పెడమొహంగా జరిగిందనైనా అనుకుంటారు. 'లూక్‌వార్మ్' అంటే ఎవరికీ పెద్దగా ఆసక్తి లేదని.

నేను ఎక్కువగా వాడేది 'కామ్', అంటే ప్రశాంతంగా అని. ఎక్కడ రాసినా తేడా రాదు. అభిప్రాయాలు కలవకపోయినా ఎవరూ మాట తూలలేదని చెప్పాలంటే 'సివిల్' చక్కగా సరిపోతుంది. నాకు బాగా నచ్చిన మాట మాత్రం 'మెజర్డ్'. మన 'ఆచితూచి' ఉంది చూశారూ, దాదాపు అదే. 'లో-కీ' అంటే హడావుడి, ఆర్భాటం లేకుండా అని, శాంతంగా అని కాదు. 'ఫ్రాంక్' అంటే దాపరికం లేకుండా అని, కానీ దాని విషయంలో జాగ్రత్త. దేశాల మధ్య చర్చల ప్రకటనల్లో ఆ మాట కనిపిస్తే తరచూ అభిప్రాయభేదాలు ఉన్నాయనే అర్థం.

మొదట వేడెక్కి తర్వాత సద్దుమణిగితే 'థింగ్స్ కూల్డ్ డౌన్' అనొచ్చు, ఇక్కడ కూల్ తప్పు కాదు. 'లెస్ హీటెడ్' కూడా సరైనదే, కానీ అలా అంటే అంతకుముందు మీటింగ్‌లో గొడవ జరిగిందని చెప్పినట్టే.

ఆ రోజు సాయంత్రమే మినిట్స్ సరిచేసి మళ్లీ అందరికీ పంపాను: 'ది డిస్కషన్ వాజ్ కామ్ అండ్ సివిల్. బోత్ టీమ్స్ అగ్రీడ్ ఆన్ ఎ న్యూ డేట్.'